పెళ్లి నోటీసుకు అమ్మానాన్నల సంతకం అక్కర లేదు, 30 రోజుల చిరునామా కావాలి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. నా వయసు 26. నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉంటున్నాను. నేను హిందువును. నేను పెళ్లి చేసుకోబోయే అతను క్రైస్తవుడు, వయసు 31, విశాఖపట్నంలో ఉంటాడు. అతనికి ఇదివరకు పెళ్లయి విడాకులు వచ్చాయి. మతం మారే ఉద్దేశం ఇద్దరికీ లేదు కాబట్టి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుందామనుకున్నాం. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర కనుక్కుంటే ఒకరు అమ్మానాన్నల ఆధార్ కార్డులు, సంతకాలు తెమ్మన్నారు. ఇంకొకరు గుడిలో దండలు మార్చుకుని ఫొటోలు తెస్తే నోటీసు గొడవ లేకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తామన్నారు. మరొకరు నా ఆధార్‌లో ఖమ్మం చిరునామా ఉంది కాబట్టి ఇక్కడ కుదరదన్నారు. పదో తరగతి మెమోలో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. అసలు నోటీసు ఇచ్చేటప్పుడు ఏ కాగితాలు కావాలి? ఆ నోటీసు మా ఇంటికి వెళ్తుందా? అమ్మకు తెలుసు, నాన్నకు ఇంకా చెప్పలేదు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ముగ్గురు మీకు మూడు మాటలు చెప్పారు. మూడూ తప్పే. తల్లిదండ్రుల సంతకం సంగతి అనవసరపు పట్టుదల. ఆధార్ చిరునామా సంగతి అపోహ. గుడి ఫొటోల సలహా మాత్రం ప్రమాదకరం, అందుకే ముందు దాని సంగతి తేల్చి తర్వాత కాగితాల దగ్గరికి వస్తాను.

హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఆ చట్టం లెక్కలో హిందువుల కిందికే వస్తారు గానీ క్రైస్తవులు రారు. ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనప్పుడు గుడిలో తాళి కట్టించుకుని, ఆ చట్టం 8వ సెక్షన్ కింద రిజిస్టర్ చేయించుకున్నా అది చెల్లదని సుప్రీంకోర్టు 2008 డిసెంబరులో తీర్పు చెప్పింది. అది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. 1996 అక్టోబరులో ఒక క్రైస్తవ యువకుడు, ఒక హిందూ యువతి గుడిలో పెళ్లి చేసుకుని, పది రోజులు తిరక్కుండానే రిజిస్టర్ చేయించుకున్నారు. కొద్ది నెలలకు ఆ యువతి విశాఖపట్నం ఫ్యామిలీ కోర్టుకు వెళ్లింది. ఆ వివాదం పన్నెండేళ్ల తర్వాత సుప్రీంకోర్టులో ముగిసింది. ప్రభుత్వ ముద్ర ఉన్న సర్టిఫికెట్ వాళ్ల దగ్గర ఉంది, చట్టం దృష్టిలో పెళ్లి మాత్రం జరగలేదు. మీకు ఫొటోలు తెమ్మని చెప్పిన మనిషి అమ్మజూపుతున్నది అలాంటి సర్టిఫికెట్టే. రేపు వీసాకో, బీమా సొమ్ముకో, ఆస్తి పంపకానికో అది అక్కరకు వచ్చినప్పుడు ఆ మధ్యవర్తి మీ పక్కన ఉండడు.

కాబట్టి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం అనే మీ నిర్ణయం సరైనదే. ఇందులో ఎవరూ మతం మారనవసరం లేదు. దీనికి చెల్లించాల్సిన మూల్యం నోటీసు, అంటే పెళ్లి చేసుకోబోతున్నామని ముందుగా సబ్‌రిజిస్ట్రార్‌కు రాసిచ్చే పత్రం, ఆపైన నెల రోజుల నిరీక్షణ.

ఆ నోటీసు ఎలా ఉండాలో చట్టమే రెండో షెడ్యూలులో నమూనా ఇచ్చింది. ఒకసారి చదివితే చాలా భయాలు పోతాయి. పేరు, ప్రస్తుత స్థితి అంటే అవివాహితులా, భర్త లేదా భార్య చనిపోయినవారా, విడాకులు పొందినవారా అన్నది, వృత్తి, వయసు, నివాసం, అది శాశ్వత నివాసం కాకపోతే శాశ్వత నివాసం ఎక్కడ, ఇక్కడ ఎంత కాలంగా ఉంటున్నారు. అంతే. మతం అనే గడి లేదు. కులం అనే గడి లేదు. తల్లిదండ్రుల పేరు లేదు, వాళ్ల అంగీకారం ఊసే లేదు. కింద సంతకం చేయాల్సింది వధూవరులు ఇద్దరే. ఆన్‌లైన్ దరఖాస్తులో తల్లిదండ్రుల పేర్లు అడిగితే రాయండి. పేరు రాయడానికీ, వాళ్లను తీసుకొచ్చి సంతకం పెట్టించడానికీ చాలా తేడా ఉంది. చట్టం అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలంటుంది. ఆ వయసు దాటినవాళ్లు మరొకరి అనుమతి తెచ్చుకోవాలని ఎక్కడా అనలేదు.

మీరు తీసుకెళ్లే ప్రతి కాగితం నాలుగు విషయాల్లో ఏదో ఒకటి రుజువు చేయాలి. మీరు ఎవరు, మీ వయసెంత, ఎక్కడ ఉంటున్నారు, పెళ్లికి చట్టపరమైన అడ్డు ఏదైనా ఉందా. ఎవరైనా కొత్త కాగితం అడిగితే, ఇది ఈ నాలుగింటిలో దేనికని మర్యాదగా అడగండి. సమాధానం లేకపోతే అది చట్టం అడుగుతున్నది కాదని అర్థం.

వయసు సంగతి తేలిక. పదో తరగతి మెమో గానీ, పుట్టిన తేదీ ధ్రువపత్రం గానీ, పాస్‌పోర్టు గానీ సరిపోతుంది. ఆధార్ ఒక్కటే పట్టుకుని వెళ్లకండి. అది గుర్తింపుకు పనికొస్తుందే తప్ప పుట్టిన తేదీకి రుజువు కాదు. 2024 అక్టోబరులో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ మాట చెప్పి, ఆధార్‌లోని తేదీని పక్కన పెట్టి స్కూలు సర్టిఫికెట్‌లోని తేదీనే తీసుకుంది. పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారమనే కొత్త నిబంధన 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి. మీకు దానితో పని లేదు.

పేరు దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. మన తెలుగువాళ్లందరికీ ఉన్న చిక్కు ఇది. స్కూల్లో ఇంటిపేరు ముందు, పూర్తిగా. ఆధార్‌లో ఒక పొడి అక్షరం. పాన్ కార్డులో అదే ఇంటిపేరు చివరికి వెళ్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు, సొంత పేరుకు వేర్వేరు గడులు. బ్యాంకులో ఎవరో గుమస్తా తోచినట్టు రాసింది. మనిషి ఒకరే, కాగితాల మీద నలుగురు. నోటీసులో మీరు ఏ పేరు రాస్తారో చివరికి వివాహ ధ్రువపత్రంలోనూ అదే పేరు వస్తుంది. అందుకని పదో తరగతి మెమోలో ఉన్న పేరును అక్షరం మార్చకుండా నోటీసులో రాయండి. డిగ్రీ పట్టా, పాస్‌పోర్టు, ఉద్యోగ రికార్డు అన్నీ మామూలుగా దాని మీదే నిలబడి ఉంటాయి. ఆధార్‌ను మెమోకు తగ్గట్టు సవరించుకోవడం మేలైన దారి. నోటీసు ఇచ్చేలోగా సవరణ రాకపోతే, రెండు కాగితాల్లోనూ ఉన్న వ్యక్తి తానేనని నోటరీ దగ్గర ఒక ప్రమాణ పత్రం చేయించుకోండి. ఒక అక్షరానికి పూర్తి ఇంటిపేరుకు మధ్య తేడాను దాంతో సర్దుబాటు చేయవచ్చు. అసలు పేరే వేరుగా ఉన్నవాళ్లకు ప్రమాణ పత్రం చాలకపోవచ్చు, గెజిట్‌లో పేరు మార్పు ప్రకటన దాకా వెళ్లాల్సి వస్తుంది. మీది అంత దూరం వెళ్లదు. అతని కాగితాలు కూడా ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ముఖ్యంగా విడాకుల డిక్రీలో, అంటే కోర్టు ఇచ్చిన విడాకుల ఉత్తర్వులో, అతని పేరు ఎలా ఉందో చూడండి. ఆ కేసు వేసిన రోజు వకీలు ఎలా రాయించారో డిక్రీలోనూ అలాగే ఉంటుంది. చాలామంది అక్కడ చూసుకోరు.

ఇప్పుడు నివాసం. నోటీసులు తిరిగొచ్చేది ఎక్కువగా ఇక్కడే.

చట్టం 5వ సెక్షన్ అడుగుతున్నది ఒక్కటే. వధూవరుల్లో కనీసం ఒకరు, నోటీసు ఇచ్చే తేదీకి ముందు వరసగా 30 రోజులకు తగ్గకుండా ఆ జిల్లాలో నివసించి ఉండాలి. ఇద్దరూ ఉండనవసరం లేదు. శాశ్వత చిరునామా అక్కడే ఉండాలనీ లేదు. అంటే మీరు నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నారు కాబట్టి ఇక్కడ నోటీసు ఇచ్చే హక్కు మీకుంది, అతను విశాఖపట్నంలో ఉన్నా సరే. ఆధార్‌లో ఖమ్మం ఉంది కాబట్టి కుదరదనడం, ఉంటున్న చోటుకూ కార్డు మీద అచ్చైన చోటుకూ తేడా తెలియకపోవడం. నోటీసు నమూనాలోనే ప్రస్తుత నివాసానికి ఒక గడి, శాశ్వత నివాసానికి మరో గడి ఎందుకున్నాయి? మీలాంటివాళ్లు ఉంటారని 1954లోనే ఊహించారు కాబట్టి.

అయితే ఉంటున్నానని నోటితో చెబితే సరిపోదు, కాగితం కావాలి. హాస్టల్లో ఉండేవాళ్ల కష్టం ఇదే. ఇంటి అద్దె ఒప్పందం ఉండదు, కరెంటు బిల్లు యజమాని పేరున వస్తుంది, గ్యాసు కనెక్షన్ ఉండదు. మీ దగ్గర దొరకగలిగినవి ఇవి. హాస్టల్ యజమాని సంతకం, ముద్రతో ఏ తేదీ నుంచి ఉంటున్నారో రాసిన పత్రం. దానికి తోడు హాస్టల్ ఫీజు రసీదులు. మీరు పనిచేసే సంస్థ లెటర్‌హెడ్ మీద మీ ప్రస్తుత చిరునామా రాసి ఇచ్చిన ధ్రువీకరణ. ఆ చిరునామాతో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం లేదా స్టేట్‌మెంట్. వీటిలో ఏదో ఒకటి కాకుండా రెండు మూడు కలిపి ఇవ్వండి, అన్నింటిలోనూ హాస్టల్ చిరునామా ఒకేలా ఉండేట్టు చూసుకోండి. ఒక దానిలో వీధి పేరు, మరో దానిలో కాలనీ పేరు ఉంటే కౌంటర్ దగ్గర అనవసరపు వాదన మొదలవుతుంది. ఇప్పటికీ ఒప్పుకోకపోతే ఆధార్‌లో చిరునామాను హాస్టల్‌కు మార్చుకుని, ఆ మార్పు వచ్చాక వెళ్లండి. ఓ నెల ఆలస్యమైనా, ఆ తర్వాత ఎవరూ ప్రశ్నించరు.

ఇంకో చిన్న మెలిక. మనం హైదరాబాద్ అని ఒక్క మాటలో అంటాం గానీ, నగరం కాగితాల మీద హైదరాబాద్‌తో పాటు రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాల్లోకీ పాకింది. మీ హాస్టల్ ఉన్న ప్రాంతం ఏ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పరిధిలోకి వస్తుందో ముందే రూఢి చేసుకోండి. ఆఫీసుకు దగ్గరగా ఉందనో, స్నేహితురాలి పెళ్లి అక్కడే జరిగిందనో వేరే పరిధిలోకి వెళ్తే వెనక్కి పంపుతారు, ఆ పంపడం సబబే. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ చట్టం కింద వివాహ అధికారులుగా పనిచేసేది రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖలోని సబ్‌రిజిస్ట్రార్లే.

అతని విషయంలో నివాసం సమస్య కాదు. విశాఖపట్నం చిరునామా ఉన్న ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ చాలు. అతను తెచ్చుకోవాల్సిన అసలు కాగితం విడాకుల డిక్రీ.

చట్టం 4వ సెక్షన్‌లో మొదటి షరతు, పెళ్లి నాటికి ఇద్దరిలో ఎవరికీ బతికున్న జీవిత భాగస్వామి ఉండకూడదని. విడాకులు తీసుకున్నామంటే సరిపోదు, కోర్టు ఇచ్చిన డిక్రీ, తీర్పు రెండింటి ధ్రువీకరించిన నకళ్లు కావాలి. ఇంట్లో దాచుకున్న జిరాక్సు కాపీ కుదరదు. కోర్టు ముద్ర, నకలు ఇచ్చిన తేదీ ఉన్న ప్రతి ఉండాలి. అది లేకపోతే తీర్పు ఇచ్చిన కోర్టులో నకలు కోసం దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టించండి, ఎందుకంటే మిగతా కాగితాలు మీ చేతుల్లో ఉన్నాయి, ఇది కోర్టు చేతుల్లో ఉంది.

అతను క్రైస్తవుడు కాబట్టి ఇంకో రెండు సంగతులు సూటిగా అడిగి తెలుసుకోండి. మొహమాటపడకండి, ఇది అనుమానించడం కాదు. చర్చి ఇచ్చిన వివాహ రద్దు పత్రం ఉంటే అది విశ్వాసానికి సంబంధించినది మాత్రమే. చర్చి న్యాయస్థానాలు ఇచ్చే రద్దు దేశ చట్టం ప్రకారం విడాకులు కాదని 2017 జనవరిలో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. అలాగే పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం ఉంటే అదీ విడాకులు కాదు. క్రైస్తవుల విడాకులు 1869 నాటి విడాకుల చట్టం కింద కోర్టు ద్వారానే రావాలి. ఒకప్పుడు జిల్లా కోర్టు ఇచ్చిన విడాకులను హైకోర్టు ఖరారు చేయాల్సి ఉండేది. 2001 సవరణతో ఆ బాధ తప్పింది.

డిక్రీ చేతిలో ఉన్నా తేదీ చూడాలి. అప్పీలు గడువు దాటాక గానీ, అప్పీలు వేసి ఉంటే అది కొట్టివేత అయ్యాక గానీ మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని విడాకుల చట్టం 57వ సెక్షన్ చెబుతుంది. అతనికి విడాకులు వచ్చి చాలా కాలమైతే చిక్కు లేదు. ఈ మధ్యే వచ్చి ఉంటే, ఆ కేసు చూసిన వకీలును అడిగి అప్పీలు ఏదీ పెండింగులో లేదని నిర్ధారించుకోండి. అప్పీలు దాఖలు కాలేదన్న కాగితం వివాహ అధికారి అడిగితే దానికీ సిద్ధంగా ఉంటారు. భార్య లేదా భర్త చనిపోయినవారికి ఈ తతంగమంతా లేదు, మరణ ధ్రువపత్రం చాలు.

మీకు పెళ్లి కాలేదని రుజువు చేసే సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేరు. అందుకే ప్రమాణ పత్రం. ఇప్పటివరకు అవివాహితనని, పుట్టిన తేదీ ఇదని, వరుడితో నిషిద్ధ బంధుత్వం లేదని మీరు, విడాకుల వివరాలతో అతను, విడివిడిగా స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించండి. దానిలో అబద్ధం ఉంటే క్రిమినల్ నేరం అవుతుంది కాబట్టి నోటరీ దగ్గర ముందే అచ్చువేసి పెట్టిన నమూనాలో చదవకుండా సంతకం చేయొద్దు.

నిషిద్ధ బంధుత్వం, అంటే పెళ్లి కూడదని చట్టం చెప్పిన దగ్గరి చుట్టరికం, అన్నానని ఆశ్చర్యపోకండి, మీకు వర్తించదు. అయితే ఈ శీర్షిక చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. మనకు మేనరికం కొత్త కాదు. హిందూ వివాహ చట్టం ఆచారం ఉంటే దాన్ని ఒప్పుకుంటుంది. ప్రత్యేక వివాహ చట్టం మొదటి షెడ్యూలులో మేనమామ కూతురు, మేనత్త కూతురు, అక్కాచెల్లెళ్ల కూతురు అందరూ నిషిద్ధ జాబితాలోనే ఉన్నారు. ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తేనే మినహాయింపు. కాబట్టి మేనమామనో మేనబావనో చేసుకునేవాళ్లు ఈ దారిలో వెళ్తే నోటీసు దగ్గరే ఆగిపోతారు.

ఫొటోల సంగతి, ఫీజుల సంగతి పెద్దగా చెప్పేందుకు ఏమీ లేదు. పాస్‌పోర్టు సైజు ఫొటోలు కావలసినదానికన్నా ఎక్కువే ఉంచుకోండి. అన్ని అసలు కాగితాలు, వాటి జిరాక్సులు రెండు జతలు పట్టుకెళ్లండి. ఫీజుకు రసీదు తీసుకోండి. పెళ్లి శుభలేఖ అడిగితే, మేం అయిపోయిన పెళ్లిని రిజిస్టర్ చేయించుకోవడం లేదు, ఇక్కడే పెళ్లి చేసుకోబోతున్నాం అని చెప్పండి. శుభలేఖ, పెళ్లి ఫొటో అడిగేది మొదటి పనికి. రెండింటి దరఖాస్తులూ వేరు.

అన్నిటికంటే ముఖ్యమైన కాగితం మీరు తీసుకెళ్లేది కాదు, తెచ్చుకునేది. నోటీసు అందినట్టు తేదీ, ముద్రతో ఉన్న రసీదు తీసుకోకుండా ఆ ఆఫీసు గుమ్మం దాటవద్దు. ఆ తేదీ నుంచే మీ లెక్క మొదలవుతుంది. నోటీసును వివాహ అధికారి తన పుస్తకంలో ఎక్కించి, ఒక ప్రతిని ఆఫీసులో అందరికీ కనబడే చోట అంటించాలి. అభ్యంతరాలకు గడువు ఆ అంటించిన రోజు నుంచి 30 రోజులు. పెళ్లి చేసుకోవడానికి గడువు మాత్రం నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలలు. ఉదాహరణకు జూన్ 2న ఇచ్చిన నోటీసును అదే రోజు అంటిస్తే, జులై 2 గడిచాక ఎప్పుడైనా పెళ్లి పెట్టుకోవచ్చు, సెప్టెంబరు మొదటి రోజులు దాటితే నోటీసు రద్దవుతుంది, మళ్లీ మొదటి నుంచి రావాలి. బోర్డు మీద పెట్టడం పది రోజులు ఆలస్యమైతే మీకున్న వెసులుబాటులో పది రోజులు పోయినట్టే. కాబట్టి రెండు రోజుల తర్వాత వెళ్లి బోర్డు చూడండి, లేకపోతే అడగండి. ముహూర్తం పెట్టించి హాలు మాట్లాడుకోవడం ఆ తర్వాతే.

ఇక మీరు చివర్లో అడిగిన ప్రశ్న. మీ ఉత్తరంలో అసలు ప్రశ్న అదేనని నా అనుమానం.

నోటీసు మీ ఇంటికి వెళ్లదు. ఇంటికి పంపాలని చట్టంలో లేదు. వధూవరుల ఇళ్లకు నోటీసులు పంపే అలవాటు ఢిల్లీలో ఉండేది. అలా పంపే అధికారం చట్టం ఇవ్వలేదని, అది ప్రాణాలకే ముప్పు కావచ్చని 2009లో ఢిల్లీ హైకోర్టు తప్పుపట్టింది. కానీ ఖమ్మం మాత్రం వెళ్తుంది. చట్టం 6వ సెక్షన్ ప్రకారం, ఇద్దరిలో ఎవరికైనా ఆ జిల్లాలో శాశ్వత నివాసం లేకపోతే, వాళ్ల శాశ్వత నివాసం ఉన్న జిల్లా వివాహ అధికారికి ఒక ప్రతి పంపాలి, అక్కడి బోర్డు మీదా అంటించాలి. మీది ఖమ్మంలో, అతనిది విశాఖపట్నంలో. హైదరాబాద్ వదిలి విశాఖపట్నంలో నోటీసు ఇచ్చినా మీ ప్రతి ఖమ్మం వెళ్లక తప్పదు. ఖమ్మం తప్పించుకోవడానికి హాస్టల్‌నే శాశ్వత నివాసంగా రాయమని ఎవరైనా చెబితే వినకండి. మిగతా కాగితాల్లో ఖమ్మం కనబడుతూనే ఉంటుంది, అబద్ధం రాశారన్న మాట మీ మీద పడుతుంది.

ఈ బహిరంగ నోటీసు మీద నాకు సదభిప్రాయం లేదు. ఇద్దరు హిందువులు గుడిలో పెళ్లి చేసుకుంటే ఎవరూ నెల రోజులు బోర్డు మీద వాళ్ల పేర్లు వేలాడదీయరు. వేర్వేరు మతాలవాళ్లకే ఈ పరీక్ష ఎందుకన్న ప్రశ్నకు సరైన జవాబు ఇంతవరకు వినలేదు. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, వధూవరులు కోరితే తప్ప ఈ నోటీసును ప్రచురించనవసరం లేదని చెప్పింది. ఆన్‌లైన్‌లో పెట్టిన నోటీసులను కొందరు తీసుకుని ప్రచారం చేస్తున్నారని తెలిసి కేరళ ప్రభుత్వం 2020లో వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. కానీ అలహాబాద్ తీర్పు తెలంగాణ అధికారిని కట్టడి చేయదు. ఇక్కడ నోటీసు బోర్డెక్కుతుందనే అనుకుని నడుచుకోండి.

జిల్లాల్లో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు ఎవరెవరు వస్తారో మీకు తెలియనిది కాదు. పొలం అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, దస్తావేజులు రాసేవాళ్లు. వాళ్లలో మీ నాన్నగారిని ఎరిగినవాళ్లు ఒక్కరైనా ఉండే అవకాశం ఎక్కువ. బోర్డు ఫొటో ఆయన ఫోనుకు చేరి, కూతురి పెళ్లి కబురు అలా తెలిస్తే, పెళ్లికి ఒప్పుకునే మనిషి కూడా ఆ అవమానానికి ఒప్పుకోడు. ఇంట్లో మీకు హాని జరుగుతుందన్న భయం లేకపోతే, నోటీసు ఇచ్చే రోజుకు ముందే ఆయనకు చెప్పండి, అమ్మ పక్కన ఉండగా చెప్పండి. అనుమతి అడగడానికి వెళ్లకండి, తెలియజేయడానికి వెళ్లండి. హాని జరుగుతుందన్న భయం ఉంటే మాత్రం ఈ సలహా మీకు వర్తించదు. అప్పుడు నోటీసుతో పాటే పోలీసు కమిషనర్‌కు రాతపూర్వకంగా రక్షణ కోరుతూ దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ఇష్టపడి పెళ్లి చేసుకునే మేజర్లను కాపాడాల్సిన బాధ్యత పోలీసులదేనని, అందుకు ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం ఉండాలని 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. పోలీసులు పట్టించుకోకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు.

నాన్నగారు కోపంతో అభ్యంతరం పెడితే ఏమవుతుంది? అభ్యంతరం ఎవరైనా పెట్టవచ్చు, కానీ కారణం 4వ సెక్షన్‌లోనిదే అయి ఉండాలి. ఇద్దరిలో ఒకరికి ఇదివరకే పెళ్లయి ఆ భాగస్వామి ఉన్నారని, వయసు చాలలేదని, మానసిక స్థితి వల్ల సమ్మతి ఇవ్వలేని స్థితి అని, నిషిద్ధ బంధుత్వమని. మాకు ఇష్టం లేదు, మతం వేరు, కులం వేరు అన్నవి కారణాలే కావు. అభ్యంతరాన్ని అధికారి పుస్తకంలో రాసి, పెట్టినవారితో సంతకం చేయిస్తారు, 30 రోజుల్లో విచారించి తేల్చాలి. సరైన కారణం లేకుండా, సదుద్దేశం లేకుండా పెట్టిందని తేలితే వెయ్యి రూపాయల దాకా పరిహారం వేయవచ్చు. 1954లో వెయ్యి రూపాయలు పెద్ద మొత్తం, ఇప్పుడు ఎవరూ భయపడరు. మీ విషయంలో అభ్యంతరానికి అవకాశమున్న చోటు ఒక్కటే, అతని మొదటి పెళ్లి. డిక్రీ నకలు గురించి అంత సేపు చెప్పింది అందుకే.

పెళ్లి రోజున ముగ్గురు సాక్షులు కావాలి, గుర్తింపు కార్డులతో. వాళ్లు బంధువులే కానవసరం లేదు. నోటీసు రోజున సాక్షులు ఉండాలని చట్టంలో లేకపోయినా కొన్ని ఆఫీసుల్లో అడుగుతారు. ముందే కనుక్కుంటే ఇద్దరు ముగ్గురి సెలవు వృథా కాదు. ఆ ముగ్గురు, మీరిద్దరూ ఒక ప్రకటన మీద సంతకం చేశాక, సాక్షుల ముందు ఒకరినొకరు చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నట్టు నోటితో చెప్పాలి. అక్కడితో పెళ్లి అయినట్టే. దండలు, మంగళసూత్రం, ప్రార్థన మీ ఇష్టం.

మీరు అడగలేదు గానీ, ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. హిందూ ఉమ్మడి కుటుంబంలోని వ్యక్తి ఈ చట్టం కింద క్రైస్తవులను పెళ్లి చేసుకుంటే ఆ ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు చట్టం లెక్కిస్తుంది. విడిపోవడం అంటే మీ వాటా పోవడం కాదు, వాటా విడిపడటం. ఆపైన మీ ఆస్తికి వారసత్వం భారత వారసత్వ చట్టం ప్రకారం నడుస్తుంది. ఇద్దరూ హిందువులైతే 1976 సవరణ వల్ల ఈ మార్పు ఉండదు, మీకు ఉంటుంది. పిత్రార్జితం గురించి ఇంట్లో మాటలు వస్తే, పెళ్లి చేసుకుంటే హక్కు పోతుందని ఎవరు అన్నా నమ్మకండి.

పెళ్లి పుస్తకంలో సంతకం చేసే ముందు ధ్రువపత్రం మీద రాసిన ప్రతి అక్షరం చదవండి. మీ ఇంటిపేరు, అతని పేరు, పుట్టిన తేదీలు మెమోలతో సరిచూడండి. ఆ తర్వాత తప్పు దిద్దించడం కంటే ఆ రోజు పది నిమిషాలు ఆగమనడం తేలిక. ధ్రువీకరించిన నకళ్లు రెండు మూడు అప్పుడే తీసుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం ఏదీ లేదు. ఉన్నదాన్నే ఉంచుకుంటే మెమో నుంచి పాస్‌పోర్టు దాకా ఒక్క కాగితం కూడా మార్చనవసరం లేదు.